చిప్ కాలి కొసన రాగి కనబడాలి

సంపాదకులకు,

రక్షణ, వైమానిక రంగాలకు ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే చిన్న యూనిట్లలో వచ్చిన సరుకు తనిఖీ చేసే ఇంజినీర్లం మేము. నకిలీ చిప్‌లు అనగానే అందరికీ గూఢచర్యమే గుర్తొస్తుంది. చిప్‌లో శత్రుదేశం ఏదో దాచిందని, అవసరమైనప్పుడు క్షిపణిని ఆపేస్తుందని అనుకుంటారు. అలాంటి ముప్పు లేదని అనడం లేదు. కానీ సరఫరాలోకి తరచూ దూరేది అంతకంటే మామూలు సరుకు. పాత బోర్డు నుంచి ఊడదీసి, పైనున్న పేరు గీకేసి, కొత్త పేరు కొట్టిన చిప్ అది. దాన్ని మైక్రోస్కోపు కింద పట్టుకోవడం కంటే కొనేచోట ఆపడం తేలిక, చౌక. మన కొనుగోలు పద్ధతి మాత్రం దానికి తలుపు తెరిచే ఉంచుతోంది. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

ఈ మోసం ఎంత పైపైన ఉంటుందో ముందు చూడండి. చిప్‌ను 30 రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోపు కింద పెట్టి, దాని కాలి (పిన్ను) కొసను గమనించండి. ఫ్యాక్టరీలో కాళ్లకు ముందు తగరం పూత వేస్తారు, ఆ తర్వాత వాటిని పట్టి ఉంచే లోహపు ఫ్రేము నుంచి కత్తిరించి వంచుతారు. అందుకే కోసిన కొసన పూత ఉండదు, సన్నటి ఎర్ర గీతలా రాగి కనబడుతుంది. కొన్ని రకాల చిప్‌లలో రాగికి బదులు ఇనుము, నికెల్ మిశ్రమం వాడతారు, అక్కడ గీత బూడిద రంగులో ఉంటుంది. కొస కూడా నున్నగా మెరుస్తూ తగరంతో మూసుకుపోయి ఉంటే ఆ కాలు రెండోసారి టంకంలో మునిగిందన్నమాట. కొన్ని అంతరిక్ష పనులకు కావాలనే సీసం కలిపిన టంకంలో ముంచి ఇస్తారు, అయితే అలా చేస్తే ఆ మాట కాగితంలో రాసి ఉంటుంది. కాగితంలో లేకుండా కొస మూసుకుపోయిందంటే ఆ చిప్ అంతకుముందు ఇంకో బోర్డు మీద పనిచేసి వచ్చిందని అనుమానించాల్సిందే.

తర్వాత మొదటి పిన్నును గుర్తుపట్టడానికి మూలన ఉండే చిన్న గుంట చూడాలి. అసలు చిప్‌లో ఆ గుంట అంచు పదునుగా, అడుగు శుభ్రంగా ఉంటుంది. పేరు గీకేయడానికి ఉప్పుకాగితం పెట్టి రుద్దితే గుంట లోతు తగ్గుతుంది. గీతలు కనబడకుండా మీద నల్లపూత వేస్తే ఆ పూత గుంటలోకి దిగి అంచు మొద్దుబారుతుంది. ఈ పూతనే బ్లాక్‌టాపింగ్ అంటారు. చిప్ పైముఖం, అడుగుముఖం పక్కపక్కన పెట్టి చూస్తే గరుకుతనంలో తేడా తెలుస్తుంది. అడుగున అచ్చు పోసిన గుర్తులు కూడా చూడాలి. లాట్ (ఒకేసారి వచ్చిన సరుకు) మొత్తం మీద ఒకే డేట్ కోడ్ (తయారైన కాలం చెప్పే అంకెలు) ఉండి, అడుగున ఒకదానికి ఒక దేశం పేరు, ఇంకోదానికి మరో దేశం పేరు ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

ఈ సరుకు పుట్టే తీరు చాలాకాలంగా తెలిసిందే. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఉన్న గుయియు పట్టణం ఈ పనికి ఏళ్ల తరబడి పేరుమోసింది. ప్రపంచం పారేసిన కంప్యూటర్ బోర్డులను అక్కడ నిప్పుల మీద కాల్చేవారు. సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. అది కరగగానే బోర్డును రాయికేసి కొడితే చిప్‌లు రాలిపడతాయి. వాటిని సైజుల వారీగా ఏరి, నీళ్లలో కడిగి, నేలమీద ఆరబోసి, రుద్ది, పూతవేసి, గిరాకీ ఉన్న నంబరు కొట్టేవారు. అమ్మకం షెన్‌జెన్ బజారులో జరిగేది. ఢిల్లీ సీలంపూర్‌లోనూ పాత బోర్డులు విప్పే పని పెద్దఎత్తున నడుస్తోంది కాబట్టి ఇది చైనాకే పరిమితమైన జబ్బు అనుకోవడం పొరపాటు.

అలాంటి చిప్ వెంటనే చెడిపోతే సగం బాధ తీరేది. అది పనిచేస్తుంది, అసలు చిక్కంతా అక్కడే. కడిగినప్పుడు చేరిన తేమ లోపల ఉండిపోతుంది. మళ్లీ టంకం వేసేటప్పుడు 240 డిగ్రీల వేడికి ఆ తేమ ఆవిరై, చిప్ తొడుగు లోపలి పొరలు కంటికి కనబడకుండా విడిపోతాయి. ఒట్టి చేతులతో ఏరినప్పుడు తగిలిన స్టాటిక్ కరెంటు ట్రాన్సిస్టర్ పొరను ఒక్కోసారి చంపకుండా బలహీనం చేసి వదిలేస్తుంది. ఇవి రెండూ ఫ్యాక్టరీ పరీక్ష దాటి వెళ్లి, డిపోలో రెండేళ్లు పడుకున్న క్షిపణిలోనో, వెయ్యి గంటలు ఎగిరిన విమానంలోనో బయటపడతాయి. గ్రేడు మార్చి అమ్మేది ఇంకో రకం. సాధారణ చిప్ 0 నుంచి 70 డిగ్రీల దాకా, ఇండస్ట్రియల్ గ్రేడు మైనస్ 40 నుంచి 85 దాకా, మిలిటరీ గ్రేడు మైనస్ 55 నుంచి 125 దాకా పనిచేయాలి. లోపల ఉన్న సిలికాన్ అసలు కంపెనీదే, పైన కొట్టిన గ్రేడు మాత్రమే అబద్ధం. 25 డిగ్రీల గదిలో ఎన్నిసార్లు పరీక్షించినా పాసవుతుంది. లడఖ్ చలిలో రాడార్ లేవకపోతే అప్పుడు తెలుస్తుంది.

ఇవి ఊహలు కావు. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2009, 2010 సంవత్సరాల సరఫరాలను తవ్వి, 2012 మేలో నివేదిక ఇచ్చింది. నకిలీ అని అనుమానించదగ్గ ఉదంతాలు సుమారు 1,800 తేలాయి, వాటిలోని విడిభాగాలు పది లక్షలకు పైమాటే. సీ-130జే రవాణా విమానం డిస్‌ప్లేలలో వాడిన మెమరీ చిప్ కథ అందులో ఉంది. ఫ్యాక్టరీ పరీక్షలో ఆ చిప్ చెడిపోయే రేటు 8.5 శాతం నుంచి 27 శాతానికి ఎగబాకితే గానీ అనుమానం రాలేదు. పీ-8ఏ గస్తీ విమానంలో మంచు పేరుకుంటే హెచ్చరించే మాడ్యూల్ పరీక్షా విమానంలోనే చెడిపోయింది. విప్పి చూస్తే ఒక చిప్ సాకెట్ నుంచి ఊడిపోయి లోపల గలగలలాడుతోంది. అది వాడేసి మళ్లీ ముస్తాబు చేసిన సరుకు. షెన్‌జెన్ నుంచి మధ్యవర్తుల చేతులు మారుతూ వచ్చింది. ఈ రెండు విమానాలూ మనకు పరాయివి కావు. సీ-130జేను మన వైమానిక దళం నడుపుతోంది, దాని తోక భాగాలు తయారయ్యేది హైదరాబాద్ శివారు ఆదిభట్లలోనే. పీ-8 భారత రూపం పీ-8ఐ, అరక్కోణం నౌకాదళ స్థావరం నుంచి బంగాళాఖాతం మీద కాపలా కాస్తోంది. మన విమానాల్లో ఆ చిప్‌లు ఉన్నాయని మేము అనడం లేదు. అంత కట్టుదిట్టమైన సరఫరాలోకి దూరినవి మన దాంట్లోకి దూరవని అనుకోవడానికి ఆధారం ఏముందని అడుగుతున్నాం.

అదే 2012లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో ఒక పని చేసింది. లేని కంపెనీ పేరు పెట్టి ఇంటర్నెట్ బజారులో 16 చిప్‌లు కొంది. ఏడు ఉత్పత్తి ఆగిపోయినవి, దొరకడం కష్టమైనవి. అయిదింటికి కంపెనీ తయారీ ఆపేసిన తర్వాతి డేట్ కోడ్ అడిగారు. మిగతా నాలుగు ప్రపంచంలో ఎక్కడా లేని, కల్పించిన నంబర్లు. అన్నిటికీ సరుకు వచ్చింది, పదహారులో అసలుది ఒక్కటీ లేదు. లేని నంబరుకు కూడా చిప్ తయారుచేసి పంపగల బజారు అది. మన యూనిట్ల కొనుగోలు విభాగాల వాళ్లు గూగుల్‌లో పార్ట్ నంబరు కొట్టినప్పుడు పై వరుసలో కనబడేది కూడా చాలాసార్లు అలాంటి బజారే.

మన దగ్గర ఎలక్ట్రానిక్స్ కాకపోయినా అచ్చం ఇలాంటి కేసు ఒకటి బయటపడింది. జబల్‌పూర్‌లో తయారయ్యే ధనుష్ ఫిరంగికి చైనా బేరింగుల మీద ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని కొట్టి సరఫరా చేశారన్న ఆరోపణపై 2017 జూలైలో సీబీఐ ఢిల్లీకి చెందిన ఒక సరఫరాదారుపై కేసు పెట్టింది. బేరింగు చేతిలో పట్టుకుని కొలవగలిగిన వస్తువు. బియ్యపుగింజంత చిప్ సంగతి వేరే చెప్పాలా?

ఇక ఇది మన సరఫరాలోకి వచ్చే దారి. యుద్ధవిమానం, క్షిపణి వ్యవస్థ ముప్పై నలభై ఏళ్లు సేవలో ఉంటాయి. వాటిలోని చిప్‌ను కంపెనీ చాలాసార్లు ఐదారేళ్లకే ఆపేస్తుంది. డిజైను ఒకసారి సర్టిఫై అయ్యాక చిప్ మార్చాలంటే మళ్లీ పరీక్షలు, మళ్లీ అనుమతులు. అందుకని డ్రాయింగులో పాత నంబరు అలాగే ఉంటుంది. ఆర్డరు బాలానగర్‌లోనో, చర్లపల్లిలోనో ఉన్న నలభైమంది పనిచేసే యూనిట్‌కు వస్తుంది. అధీకృత డిస్ట్రిబ్యూటర్‌ను అడిగితే లేదంటాడు, లేదా ఏడాది ఆగమంటాడు. 2021 చిప్‌ల కరువులో ఇంకా ఉత్పత్తిలో ఉన్న చిప్‌లకే ఏడాది పైగా ఆగాల్సి వచ్చింది. అటువైపు డెలివరీ ఆలస్యమైతే వారానికి అర శాతం చొప్పున ఎల్‌డీ (ఆలస్యానికి పరిహారం) కోత పడుతుంది. సరిగ్గా అప్పుడే బ్రోకర్ నుంచి మెయిల్ వస్తుంది. స్టాకు ఉంది, పదిరోజుల్లో పంపిస్తాం, కన్ఫార్మెన్స్ సర్టిఫికెట్ (సరుకు సరైనదేనన్న ధ్రువపత్రం) కూడా ఇస్తాం అని. ఆ సర్టిఫికెట్ జిరాక్సుకు జిరాక్సు.

దీనికి తోడు ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డరు ఇచ్చే పద్ధతి. టెండరులో బోర్డు ధర ఒక్కటే పోలుస్తారు. చిప్‌ను అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనేవాడికీ, బ్రోకర్ దగ్గర మూడోవంతు ధరకు కొనేవాడికీ ఆ పోలికలో తేడా ఉండదు. నిజాయితీగా కొన్నవాడే ఎల్-2 అవుతాడు. ఈ ఒక్క లొసుగు సరిదిద్దకుండా ఎన్ని పరీక్షా పరికరాలు తెచ్చినా ఫలితం తక్కువేనని మా గట్టి అభిప్రాయం.

చేయాల్సింది కష్టమేమీ కాదు. టెండరు సాంకేతిక బిడ్‌లోనే బీవోఎం (బోర్డులో వాడే విడిభాగాల) జాబితా పక్కన ఒక గడి పెట్టాలి. ప్రతి చిప్‌కు సరఫరా మార్గం అందులో రాయాలి. తయారీదారు నుంచా, ఆయన అధీకృత డిస్ట్రిబ్యూటర్ నుంచా, ఉత్పత్తి ఆగిన చిప్‌లను లైసెన్సుతో అమ్మే సంస్థ నుంచా, బ్రోకర్ నుంచా? బ్రోకర్ అని రాసినవాళ్లు పరీక్షల ఖర్చు కూడా ధరలో కలిపి చూపాలి. ధరల పోలిక ఆ తర్వాతే జరగాలి. అప్పుడు ఎల్-1 లెక్క తానంతట తానే సరిపోతుంది. రక్షణ ల్యాబులు ముఖ్యమైన చిప్‌లను తామే కొని యూనిట్లకు ఫ్రీ ఇష్యూ కింద ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. ఉత్పత్తి ఆగిపోబోతున్న చిప్‌లకైతే దీన్ని తప్పనిసరి చేయాలి. చిప్ ఆపేసే ముందు కంపెనీ చివరి ఆర్డర్లకు సాధారణంగా ఆరు నెలలు, డెలివరీకి మరో ఆరు నెలలు గడువు ఇస్తుంది. ఆ నోటీసు చిన్న యూనిట్‌కు అందినా ఇరవై ఏళ్లకు సరిపడా సరుకు కొని తేమ చేరని నైట్రోజన్ క్యాబినెట్‌లో దాచే స్తోమత దానికి లేదు. అది డిజైను హక్కులున్న సంస్థ చేయాల్సిన పని.

తప్పనిసరై బ్రోకర్ దగ్గర కొనాల్సివస్తే డబ్బు ముందు ఇవ్వకండి. మూడో పక్షం ఖాతాలో ఉంచి, పరీక్ష పాసయ్యాకే విడుదల చేయండి. అమ్మేవాడు పంపిన శాంపిల్‌ను పరీక్షించి లాట్ మొత్తానికి సరే అనడం ఆత్మహత్యతో సమానం. చిప్‌లను టేపులో పెట్టి చుట్టే రీలు మొదట్లో ఇరవై అసలు చిప్‌లు పెట్టి, తర్వాత నకిలీవి చుట్టడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. రీలు మొదలు, నడుమ, చివర మూడుచోట్ల నుంచీ ముక్కలు తీయాలి. 200 దాటిన లాట్‌లో వందకు పైగా ముక్కలను మైక్రోస్కోపు కింద, కనీసం 45 ముక్కలను ఎక్స్‌రేలో చూడాలి. ఎక్స్‌రేలో వెతకాల్సింది లోపల సిలికాన్ ముక్క సైజు, ఫ్రేము ఆకారం, బంగారు తీగల వరుస. పక్కపక్కన పెట్టిన పది చిప్‌లలో రెండింటి ఫ్రేము వేరుగా ఉంటే అది కలగలుపు సరుకు. కాలి పూతలో ఏముందో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నిమిషంలో చెబుతుంది. సీసం లేని పూత అని డేటాషీటులో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) ఉండి, యంత్రం సీసం చూపిస్తే అది పాత బోర్డు వాసన. దానికి తలకిందులుగా, సీసం ఉండాల్సిన చోట ఒట్టి తగరం కనబడితే ఇంకో ప్రమాదం. ఒట్టి తగరం మీద వెంట్రుకకంటే సన్నటి మొలకలు పెరిగి పక్క పిన్నును తాకి షార్ట్ చేస్తాయి.

అసిటోన్ ముంచిన దూదితో రుద్దే పరీక్ష చాలామంది చేస్తారు, చేయాలి కూడా. కానీ దాన్ని నమ్ముకుని ఆగిపోకూడదు. ఇప్పటి నల్లపూతలు అసిటోన్‌కు కదలవు. వేడిచేసిన బలమైన ద్రావణాలు వాడితేనే లేస్తాయి. అనుమానం మిగిలితే మూడు ముక్కలు బలి ఇచ్చి డీక్యాప్ చేయాలి. పొగలు కక్కే నైట్రిక్ యాసిడ్‌తో నల్ల ప్లాస్టిక్‌ను కరిగిస్తే సిలికాన్ మీద కంపెనీ గుర్తు, మాస్క్ నంబరు (చిప్ డిజైను నంబరు) కనబడతాయి. తీగలు రాగివైతే ఒట్టి నైట్రిక్ వాటిని కూడా తినేస్తుంది, సల్ఫ్యూరిక్ కలపాలి. యాసిడ్ పొగలను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ పని తలపెట్టవద్దు. చివరగా విద్యుత్ పరీక్ష. అది గది ఉష్ణోగ్రతలో కాదు, డేటాషీటు చెప్పిన రెండు కొసల ఉష్ణోగ్రతల దగ్గర చేయాలి.

ఈ యంత్రాలన్నీ ఒక చిన్న యూనిట్ కొనుక్కోవడం అయ్యేపని కాదు. రక్షణ పరీక్షా సదుపాయాల కోసం కేంద్రం 2020 మేలో రూ.400 కోట్లతో పథకం ప్రకటించింది, ఖర్చులో 75 శాతం వరకు గ్రాంటు ఇస్తానంది. ఆ దారిలో గానీ, రాష్ట్ర ప్రభుత్వం చొరవతో గానీ, కుషాయిగూడ, చర్లపల్లి యూనిట్లకు అందుబాటులో నకిలీ చిప్‌లను తేల్చడానికే ప్రత్యేకమైన ఉమ్మడి ల్యాబు రావాలి. శుక్రవారం ఇచ్చిన లాట్‌కు బుధవారానికల్లా ఫలితం చెప్పాలి. నెల పడితే ఎల్‌డీ భయంతో ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. దేశీయ చిప్‌లు రావడం మంచి పరిణామమే. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ ల్యాబొరేటరీ (ఎస్‌సీఎల్)లో తయారైన విక్రమ్ 3201 ప్రాసెసర్ మాకూ గర్వకారణం. అయితే ఒక బోర్డులో వందల విడిభాగాలు ఉంటాయి. వాటిలో కెపాసిటర్, వోల్టేజి రెగ్యులేటర్ కూడా నకిలీ కావచ్చు.

పట్టుకున్నాక చేసేది ఇంకా ముఖ్యం. ఇప్పుడు ఎక్కువగా జరిగేది ఒక్కటే: సరుకు వెనక్కి పంపి డబ్బు రాబట్టుకోవడం. వెనక్కి వెళ్లిన రీలు వారంలో ఇంకో యూనిట్‌కు చేరుతుంది. అనుమానిత సరుకును విడిగా తాళం వేసి ఉంచాలి, కొనుగోలుదారు సంస్థకు రాతపూర్వకంగా చెప్పాలి, ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వకూడదు. అమెరికాలో ఇలాంటి సమాచారం జీఐడీఈపీ అనే ఉమ్మడి వ్యవస్థలోకి వెళ్లి అందరికీ అందుతుంది. పార్ట్ నంబరు, డేట్ కోడ్, లాట్ నంబరు, ఒక ఫోటో – ఈ నాలుగు గళ్లుంటే చాలు. మన రక్షణ నాణ్యతా సంస్థలు అలాంటిది నడిపి చిన్న యూనిట్లనూ అందులో చేర్చాలి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అమెరికా 2011 డిసెంబరు చట్టం నకిలీ భాగాల మార్పిడి ఖర్చు మొత్తం కాంట్రాక్టరు నెత్తినే పెట్టింది. తాను ముందుగా కనిపెట్టి చెప్పినవాడికి మినహాయింపులు ఆ తర్వాత వచ్చాయి. మనం ఆ మినహాయింపుతోనే మొదలుపెట్టాలి. చెప్పినవాడిని బ్లాక్‌లిస్టులో పెడతారన్న భయం ఉంటే ఎవరూ చెప్పరు. ఆ చిప్ నిశ్శబ్దంగా బోర్డు ఎక్కుతుంది.

ఇంకొక్క మాట తోటి యూనిట్ల వాళ్లకు. ఖాళీ అయిన రీళ్లు, బార్‌కోడ్ లేబుళ్లు చెక్కుచెదరకుండా ఉన్న ట్రేలు, చిప్‌లు వచ్చే వెండిరంగు సంచులు తుక్కువాడికి కిలోల లెక్కన వేస్తున్నారు. నకిలీ సరుకుకు అసలు లేబుల్ దొరికే చోటు అదే. ఫెయిలైన బోర్డులు కూడా చిప్‌లతో సహా బయటికి పోతున్నాయి. లేబుల్ మీద నంబరు పోయేలా చించండి, రీలును రెండుగా కోయండి. బోర్డులను డ్రిల్లుతో చిప్‌ల మధ్యగా తూట్లు పొడిచి, 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద నమోదైన రీసైక్లర్‌కే రసీదు తీసుకుని ఇవ్వండి. దీనికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. స్టోర్సులో ఒక కత్తెర, ఒక డ్రిల్లు, రాసుకోవడానికి ఒక రిజిస్టరు ఉంటే రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

– ఎలక్ట్రానిక్స్ తనిఖీ విభాగ ఇంజినీర్లు,
కుషాయిగూడ, హైదరాబాద్